ఫోన్‌కు అందే వైఫై ల్యాప్‌టాప్‌కు ఎందుకు కనిపించదు?

సంపాదకులు గారికి,

అమెరికా నుంచి పిల్లలు తెచ్చిన ల్యాప్‌టాప్‌లో ఇంటి వైఫై పేరే రావడం లేదని, అదే గదిలో ఫోన్‌కు మాత్రం నిక్షేపంగా అందుతోందని, మెకానిక్‌కు చూపిస్తే వైఫై కార్డు పోయిందన్నాడని చెప్పేవారు ఈమధ్య ఎక్కువయ్యారు. కార్డే పోయి ఉంటే పక్కింటి వైఫై పేర్లు కూడా రాకూడదు కదా! ఇలాంటప్పుడు చాలాసార్లు కార్డు బాగానే ఉంటుంది. ల్యాప్‌టాప్ డ్రైవర్‌లోని (కార్డును నడిపించే సాఫ్ట్‌వేర్‌లోని) దేశపు సెట్టింగు మన రౌటర్ వాడుతున్న ఛానెల్‌ను, అంటే వైఫై తరంగాలు నడిచే దారిని, మూసి ఉంచుతుంది. ఈ సంగతి తెలియక కొత్త అడాప్టర్లకు, కొత్త రౌటర్లకు డబ్బు పోస్తున్న పాఠకుల కోసం, ఇళ్లకు బ్రాడ్‌బ్యాండ్ బిగించేవారి దృష్టికి ఒక విషయం తేవడం కోసం ఈ లేఖ రాస్తున్నాను.

2.4 గిగాహెర్ట్జ్ వైఫైలో ఒకటో ఛానెల్ 2412 మెగాహెర్ట్జ్ దగ్గర మొదలై, అయిదేసి మెగాహెర్ట్జ్ దూరంలో పదమూడో ఛానెల్ 2472 వరకు వెళుతుంది. మన దేశంలో 2005 జనవరి 28 నాటి ప్రకటన 2400 నుంచి 2483.5 మెగాహెర్ట్జ్ వరకు లైసెన్సు అవసరం లేకుండా వాడుకోనిచ్చింది కాబట్టి పదమూడు ఛానెళ్లూ మనకు చెల్లుతాయి. అమెరికాలో 2483.5 దాటిన తరంగాలకు గట్టి రక్షణ ఉండడంతో, అంచుకు దగ్గరగా ఉన్న 12, 13 ఛానెళ్ల జోలికి పోకుండా తయారీదారులు పదకొండు దగ్గరే ఆపేస్తారు. అపార్ట్‌మెంట్లలో 1, 6, 11 ఛానెళ్లు కిక్కిరిసి ఉన్నప్పుడు, ఛానెల్‌ను తానే ఎంచుకునే ‘ఆటో’ సెట్టింగులో పెట్టిన రౌటర్ ఖాళీ వెతుక్కుంటూ ఒక్కోసారి పదమూడుకు చేరుతుంది. ఆ క్షణం నుంచి అమెరికా ల్యాప్‌టాప్‌కు ఆ రౌటర్ లేనట్టే లెక్క.

5 గిగాహెర్ట్జ్‌లో తేడాలు ఇంకా ఎక్కువ. 2018 అక్టోబర్ 22 నాటి ప్రకటనతో మనకు 5150 నుంచి 5350 వరకు, 5470 నుంచి 5875 వరకు, మొత్తం 605 మెగాహెర్ట్జ్ లైసెన్సు లేకుండా అందుబాటులోకి వచ్చింది. మన రౌటర్లు తరచుగా ఎంచుకునే 149 నుంచి 161 వరకు ఉన్న ఛానెళ్లు జపాన్‌లో వైఫైకి అనుమతించనివి. అందుచేత అక్కడ కొన్న పరికరం ఇక్కడికి వచ్చాక 2.4 పేరు చూపించి 5 గిగాహెర్ట్జ్ పేరు దాచేస్తే ఆశ్చర్యపోనక్కరలేదు. 52 నుంచి 64 వరకు, 100 నుంచి 144 వరకు ఉన్న ఛానెళ్లలో రాడార్లు పనిచేసే అవకాశం ఉన్నందున, వాటిని ఎంచుకున్న రౌటర్ ముందు కనీసం ఒక నిమిషం మౌనంగా విని, రాడార్ లేదని తేలాకే ప్రసారం మొదలుపెట్టాలి. రౌటర్ ఆపి మళ్లీ ఆన్ చేసిన వెంటనే 5 గిగాహెర్ట్జ్ పేరు రాలేదని ఫిర్యాదు చేసేవారు ఈ నిమిషం ఆగితే చాలు.

సమస్యను ఆరా తీయడానికి ముందుగా ఫోన్‌లో వైఫై అనలైజర్ యాప్‌తో మన రౌటర్ ఏ ఛానెల్‌లో ఉందో చూడాలి. తరువాత ఆ ఛానెల్‌ను ల్యాప్‌టాప్ ఒప్పుకుంటుందో లేదో చూడాలి. విండోస్‌లో డివైస్ మేనేజర్ తెరిచి వైఫై కార్డు ప్రాపర్టీస్‌లో అడ్వాన్స్‌డ్ ట్యాబ్‌కు వెళితే, కొన్ని కంపెనీల కార్డులకు కంట్రీ రీజియన్ అనే వరుస ఉంటుంది. అందులో 1–11 అని ఉంటే కారణం దొరికినట్టే. మ్యాక్‌లో ఆప్షన్ కీ నొక్కి పట్టుకుని వైఫై గుర్తు మీద క్లిక్ చేస్తే అది ఏ దేశపు కోడ్ పాటిస్తోందో చూపిస్తుంది. లినక్స్‌లో ‘ఐడబ్ల్యూ లిస్ట్’ (iw list) అనే ఆదేశం ఇస్తే ఒక్కో ఛానెల్ విడివిడిగా కనిపిస్తుంది. 2467 మెగాహెర్ట్జ్, 12 అన్న వరుస చివర ‘డిజేబుల్డ్’ అని ఉందంటే ఆ ఛానెల్‌ను మూసింది నియమమే తప్ప చెడిన కార్డు కాదు.

డిజేబుల్డ్ అని కాకుండా ‘నో ఐఆర్’ (ముందుగా ప్రసారం చేయకూడదు) అని ఉండే సందర్భమే మనుషులను ఎక్కువ తికమక పెడుతుంది. ఏ దేశమో తేలనప్పుడు లినక్స్ 00 అనే ప్రపంచ నియమాన్ని పాటిస్తుంది. అందులో 12, 13 ఛానెళ్లలోనూ, 5 గిగాహెర్ట్జ్ అంతటిలోనూ కార్డు వినవచ్చు గాని తనంతట తాను ముందుగా పలకకూడదు. పేరు బయటికి ప్రకటించే రౌటర్‌ను అది చూడగలుగుతుంది. పేరు దాచిపెట్టిన రౌటర్‌ను మాత్రం, పలకరించి అడగాలి కనుక, కనిపెట్టలేదు. ఆ ఛానెల్‌లో హాట్‌స్పాట్ కూడా పెట్టనివ్వదు. భద్రత కోసమని వైఫై పేరు దాచిన ఇళ్లలో ఈ చిక్కు వస్తే, ఆ దాపరికం తీసేయడమే సగం వైద్యం.

దేశం మార్చే ఆదేశం ఇచ్చినా ఫలితం లేదని కొందరు అంటారు. అందుకు కారణం, కొన్ని కార్డులకు ఫ్యాక్టరీలోనే దేశం రాసి ఉండడం. మనం భారత్ అని చెప్పినా ఆ రెండు నియమాలూ ఒప్పుకున్న ఛానెళ్లే మిగులుతాయి. కొత్త ఇంటెల్ కార్డులైతే మన మాట పట్టించుకోకుండా ఫర్మ్‌వేర్‌లోనే (కార్డు లోపలి సాఫ్ట్‌వేర్‌లోనే) నిర్ణయం తీసుకుంటాయి. ఇలాంటివారు ల్యాప్‌టాప్‌తో కుస్తీ పట్టడం మాని, రౌటర్‌లో 2.4 కు 1, 6, 11 లలో ఒకటి, 5 కు 36 నుంచి 48 లోపు ఒకటి స్థిరంగా పెట్టుకోవడం మేలు. భారత్, అమెరికా, యూరప్, జపాన్ నాలుగింటా ఇవి చెల్లుతాయి.

మరో దేశం పేరు పెడితే సిగ్నల్ పెరుగుతుందని చిట్కాలు చెప్పేవారి మాట మాత్రం వినకూడదు. దేశపు సెట్టింగు మార్చి పరిమితికి మించిన శక్తితో ప్రసారం చేయడానికి వీలిచ్చే రౌటర్లు అమ్మినందుకు 2016లో టీపీ-లింక్ సంస్థ అమెరికా నియంత్రణ సంస్థతో 2 లక్షల డాలర్లకు రాజీ పడవలసి వచ్చింది. మచిలీపట్నం, విశాఖపట్నం వాతావరణ రాడార్లు వేరే బ్యాండ్‌లో పనిచేస్తాయి కాబట్టి వైఫై వాటికి అడ్డు కాదు గాని, ఢిల్లీ, జైపూర్ లాంటి చోట్ల ఉన్న సీ-బ్యాండ్ రాడార్లు 5 గిగాహెర్ట్జ్ వైఫైకి పొరుగువే కనుక, నియమం దాటిన ప్రసారం వాటికి అడ్డు తగలవచ్చు.

ఇక బ్రాడ్‌బ్యాండ్ సంస్థలకు ఒక మనవి. ఇళ్లలో రౌటర్ బిగించేటప్పుడు దేశం భారత్ అని ఉందో లేదో సరిచూసి, 2.4 ఆటో ఎంపికను పదకొండో ఛానెల్ లోపే ఉంచమని సిబ్బందికి చెప్పాలి. ల్యాప్‌టాప్ తయారీదారులు ఏ దేశపు ఛానెళ్లకు కార్డును కట్టేశారో పెట్టె మీద ముద్రించాలి. ఈ వేసవి సెలవులకు విదేశాల నుంచి వచ్చేవారి ల్యాప్‌టాప్‌లు మెకానిక్ బల్లల మీదికి చేరకముందే మీ పత్రిక సాంకేతిక పేజీలో ఈ విషయాన్ని బొమ్మలతో సహా వివరించాలని కోరుతున్నాను.

భవదీయుడు,
పాలిటెక్నిక్ ఎలక్ట్రానిక్స్ అధ్యాపకుడు,
హనుమకొండ