మిద్దె మీద పూసింది బ్రహ్మకమలం కాదు

సంపాదకులకు నమస్కారం.

పోయిన వారం మీ జిల్లా పేజీలో ఒక ఫొటో వేశారు. ఇంటి ముందర కుండీలో తెల్లగా, అరచెయ్యంత పువ్వు, దాని చుట్టూ ఆడవాళ్లు, ఒకామె చేతిలో హారతి పళ్లెం. కింద 'హిమాలయాల్లో మాత్రమే పూసే అరుదైన బ్రహ్మకమలం అనంతపురంలో' అని రాశారు. ఇది ప్రతి ఏడూ వస్తుంది, కొన్ని ఏళ్లలో నాలుగైదు సార్లు కూడా వస్తుంది. హిమాలయాల్లో 'మాత్రమే' పూసేది అనంతపురంలో ఎట్లా పూసింది సార్? ఆ లైను రాసినాయనకు ఒక్కసారైనా అనుమానం రాలేదా?

కోపంతో రాయడం లేదు. ముప్పై ఏళ్లు బడిలో బయాలజీ చెప్పి రిటైరయ్యాను, తప్పు కనపడితే చెయ్యి ఊరుకోదు, అంతే. ఆ మొక్క మా మిద్దె మీద కూడా ఉంది. మొగ్గ తల పైకెత్తిందంటే ఆ రాత్రికి వీధిలో సగం మంది మా మిద్దె మీదే ఉంటారు, నేనే టీ పెడతాను. ఎనిమిది, తొమ్మిదికి విచ్చుకోవడం మొదలై, అర్ధరాత్రికి పూర్తిగా విరిసి, తెల్లారేసరికి తడిగుడ్డలా వేలాడిపోతుంది. అందంలో వంక పెట్టేది లేదు. కానీ అది మెక్సికో, మధ్య అమెరికా అడవుల్లో చెట్ల కొమ్మలను పట్టుకొని పెరిగే కాక్టస్. పేరు ఎపిఫిల్లమ్. మన చేల గట్ల మీద ఉండే నాగజెముడుకు చుట్టం. ఆకు గుచ్చితే మొలుస్తుంది అంటారు కదా, అది ఆకు కాదు, చపటగా మారిన కాండం, అందుకే మొలుస్తుంది, అందుకే మొగ్గ కూడా దాని అంచు నుంచే వస్తుంది. ఈ మాట చెబితే మా పక్కింటామె, "ఏమక్కా, దేవుడి పువ్వును పట్టుకొని జెముడు అంటావా" అని రెండు రోజులు మాట్లాడలేదు.

అసలు బ్రహ్మకమలాన్ని నేను చూసింది రెండేళ్ల కిందట ఆగస్టులో. బదరీనాథ్ వెళ్లినప్పుడు మా బృందంలో కొందరం గోవింద్‌ఘాట్‌లో దిగి, ఘాంఘరియా మీదుగా కొండమీది హేమకుండ్ సరస్సుకు ఎక్కాం. ఎక్కాం అంటున్నాను గానీ నేను కంచరగాడిద మీదే పోయాను, మోకాళ్లు ఒప్పుకోలేదు. దాదాపు 4,300 మీటర్ల ఎత్తు అది. మన అనంతపురం సముద్రమట్టానికి 350 మీటర్లు కూడా లేదు. ఇంకాసేపట్లో సరస్సు వస్తుందనగా గాడిద తోలే అబ్బాయి రాళ్ల మధ్యకు చెయ్యి చూపించి "బ్రహ్మకమల్" అన్నాడు. నేను చూసి "ఇదేనా?" అన్నాను. మోకాలెత్తు కూడా లేని మొక్క, పైన క్యాబేజీ విప్పినట్టు లేతపసుపు పొరలు, అంతే. దగ్గరికి పోయి పొరలు కాస్త పక్కకు తీసి చూస్తే లోపల ఊదారంగు చిన్న చిన్న పూల గుత్తి. ఆ పొరలు రేకులు కావు, ఆకులే. చామంతి, పొద్దుతిరుగుడు కుటుంబం దీనిది. రాత్రి పూసి తెల్లారికి వాడిపోవడం లాంటి కథ ఏదీ దీనికి లేదు, పట్టపగలు పూస్తుంది, రోజుల తరబడి ఉంటుంది. ఉత్తరాఖండ్ రాష్ట్ర పుష్పం ఇదే. దీని శాస్త్రీయ నామంలో మొదటి మాట సొస్సూరియా, ఆల్ప్స్ కొండలను గాలించిన స్విట్జర్లాండ్ శాస్త్రవేత్త సొస్యూర్, ఆయన కొడుకు, ఇద్దరి పేరు మీదా పెట్టింది.

ఆ పొరలు ఎందుకో నాకు ఆ రోజు చలిలోనే అర్థమైంది. వానచినుకులు సూదుల్లా పడుతున్నాయి, నేను రెండు స్వెట్టర్ల మీద ప్లాస్టిక్ కోటు తొడుక్కొని వణుకుతున్నాను, అదీ అట్లాంటి కోటు తొడుక్కొనే ఉంది. వెలుతురు లోపలికి పోతుంది, గాలి పోదు, వాన నీళ్లు పుప్పొడిని తడపవు, మబ్బు తొలగి కాస్త ఎండ వస్తే లోపల వెచ్చబడుతుంది. మన నర్సరీలవాళ్లు నారుకు పాలిథిన్ షీటు కప్పుతారే, అదే పని. సిక్కిం వైపు రియమ్ నోబిలె అని ఇంకో మొక్క ఉంది, 4,000 మీటర్ల పైన పెరుగుతుంది. మిగతా మొక్కలన్నీ నేలకు అంటుకొని ఉంటే ఇది ఒక్కటే మనిషి ఛాతీ ఎత్తున, పాలిపోయిన పసుపు పొరలు కింది నుంచి పైదాకా కప్పుకొని గోపురంలా నిలబడుతుంది. ఆ పొరలు కంటికి కనపడే వెలుగును లోపలికి వదిలి, అతినీలలోహిత కిరణాలను చాలావరకు ఆపేస్తాయి. లోపలి వెచ్చదనానికి చిన్న చిన్న ఈగలు చేరతాయి, పుప్పొడి మోసేది అవే. బ్రహ్మకమలానికి దాయాది ఒకటి ఉంది, అక్కడివాళ్లు ఫేన్ కమల్ అంటారు, అది ఇట్లాంటి పొరల జోలికి పోకుండా ఏకంగా ఉన్ని దుప్పటే కప్పుకుంది, దూరం నుంచి చూస్తే రాయి మీద దూదిముద్ద పెట్టినట్టు ఉంటుంది.

ఇంతవరకూ చలి కథ. పిల్లలకు చెప్పేటప్పుడు నేను కూడా అక్కడికే ఆపేదాన్ని, పాఠ్యపుస్తకంలో అంతే ఉండేది. కానీ హేమకుండ్ నుంచి దిగి వచ్చిన మర్నాడు నా ముక్కు తోలు ఊడింది. అనంతపురం ఎండలో అరవై ఏళ్లు తిరిగిన ముక్కు సార్ అది! పైకి పోయేకొద్దీ గాలి పలచబడుతుంది, ప్రతి వెయ్యి మీటర్లకూ అతినీలలోహిత కిరణాలు సుమారు పది శాతం పెరుగుతాయి. ఎండలో రాయి మీద చెయ్యి పెడితే చురుక్కుమంటుంది, అదే రాయి నీడలో కూర్చుంటే పళ్లు కొట్టుకుంటాయి. మనకు మే నెలలో పగలు 42 ఉన్నా రాత్రి 27 దగ్గర ఆగుతుంది. అక్కడ నేలబారున బతికే మొక్కకు ఎండకాసిన మధ్యాహ్నం ఒళ్లు 30, 40 డిగ్రీలకు కాగి, అదే రాత్రి సున్నాకు దిగిపోవచ్చు. ఒకే రోజులో రోహిణి కార్తె, సంక్రాంతి చలి రెండూ చూసినట్టు.

దీనికి ఆ మొక్కలు కనిపెట్టిన ఉపాయాల్లో నాకు బాగా నచ్చింది దిండు ఆకారం. లదాఖ్‌లో, ఆల్ప్స్‌లో కొన్ని మొక్కలు వేల కొమ్మలను సందు లేకుండా దగ్గరికి ముడుచుకొని, రాయి మీద పెట్టిన పచ్చ దిండులా ఉంటాయి, కొన్నిటి మీద కాలు పెట్టినా అణగవు. నేల నుంచి నాలుగు వేళ్లు పైకి లేస్తే గాలి ఊడ్చేస్తుంది, అంటుకొని ఉంటే గాలి పైనుంచి జారిపోతుంది, ఎండ వేడి లోపలే నిలుస్తుంది. గాలి నిమ్మళించిన ఎండరోజున ఆ దిండు చుట్టూ ఉన్న గాలికన్నా పది, ఇరవై డిగ్రీలు వెచ్చగా ఉంటుంది. రాలిన ఆకులు బయటికి పోవు, లోపలే కుళ్లి ఎరువై, స్పాంజిలా నీళ్లు పట్టి ఉంచుతాయి. తన పెంట తానే వేసుకునే చేను అన్నమాట. ఏడాదికి మిల్లీమీటర్ల లెక్కన పెరుగుతాయి, వందల ఏళ్లు బతుకుతాయి.

ఇక నీళ్లు. 'జైసల్మేర్ తర్వాత దేశంలో అతి తక్కువ వాన మాకే' అని మనం చెప్పుకోని సభ లేదు, కానీ లేహ్‌లో ఏడాదికి పడేది సుమారు 100 మిల్లీమీటర్లే, మనకు పడేదాంట్లో ఐదో వంతు కూడా కాదు. బాగా వాన పడే కొండల మీద కూడా మొక్కకు కరువు తప్పదు, ఎందుకంటే రాళ్లగుట్టలో నీళ్లు నిలవవు, గాలి మిగిలింది పీల్చేస్తుంది. అందుకే వేలెడు ఎత్తు మొక్కకు మూరెడు, బారెడు వేరు ఉంటుంది. పైపొర ఎండినా రాళ్ల కింద పదును, అంటే తడి, ఉంటుంది. ఈ మాట మా నాయనకు తెలుసు. మా ఎర్ర చేలో రాళ్లు ఏరిపారేద్దామని చిన్నప్పుడు మేము పోతే, "పెద్దవి తీయండి, గులకలు ఉండనీండి, పదును నిలిచేది వాటి కిందే" అని తిట్టేవాడు. ఆయన ఏ కొండా ఎక్కలేదు పాపం, తిరుమల తప్ప.

నీళ్లు ఉండి కూడా తాగలేకపోవడం ఇంకో బాధ. చలికాలంలో నేలలో నీళ్లు గడ్డకడతాయి, వేరు పీల్చలేదు, పైన మాత్రం ఎండ, గాలి ఆకులోని తడిని లాగేస్తుంటాయి. చుట్టూ మంచు ఉంటే దాహంతో చావడం ఏమిటని మీరనుకోవచ్చు, అక్కడ చలికాలంలో మొక్కలు అట్లా కూడా చస్తాయి.

ఇక్కడే నేను బడిలో ఉన్నప్పుడు సరిగ్గా చెప్పలేకపోయిన సంగతి ఒకటుంది, ఆ పిల్లలు ఎవరైనా ఇది చదివితే ఇప్పుడైనా తెలుసుకుంటారని రాస్తున్నాను. చలికి మొక్క చావడం, కరువుకు మొక్క చావడం, రెండూ చాలావరకు ఒకటే. గడ్డకట్టే చలి వచ్చినప్పుడు గట్టి మొక్కల్లో మంచు కణం లోపల పుట్టదు, కణాల మధ్య సందుల్లో పుడుతుంది. ఆ మంచు కణంలోని నీళ్లను బయటికి లాగుతుంది, కణం ఎండిన గింజలా ముడుచుకుంటుంది. లోపల మంచు పుడితే చావే, ముడుచుకొని తట్టుకుంటే బతుకు. అంటే ఆ మొక్క నిజంగా తట్టుకోవలసింది ఎండిపోవడాన్ని. అందుకు అది కణంలో చక్కెరలు, ప్రోలీన్ లాంటి పదార్థాలు ముందే కూడబెట్టుకుంటుంది. వాన మొహం చాటేసినప్పుడు మన చేలో శనక్కాయ మొక్క కూడా ఇదే ప్రోలీన్‌ను పోగుచేసుకుంటుంది! స్విట్జర్లాండ్‌లో డోమ్ అనే శిఖరం మీద 4,500 మీటర్ల దగ్గర సాక్సిఫ్రేజ్ అనే ఊదాపూల మొక్క ఉంది, ఎండాకాలంలో కూడా దాదాపు ప్రతి రాత్రీ గడ్డకట్టి, పొద్దున్నే కరిగి, పని మొదలుపెడుతుంది. మన శనక్కాయకు అంత దమ్ము లేదు లెండి.

రాతి మీద బతికేవాటికి ఇంకో పోలిక కూడా ఉంది. మన కొండల మీద కుందేటి కొమ్ములు అనే కండగల మొక్కను ఏరుకొచ్చి పచ్చడి చేసుకునే ఇళ్లు ఇంకా ఉన్నాయి. లదాఖ్‌వాళ్లు సోలో అని ఒక దళసరి ఆకుల మొక్కను అట్లానే తింటారు. ఆల్ప్స్ రాళ్ల మీద సెంపర్వివమ్ అని గులాబీలా ముడుచుకున్న కండగల మొక్క ఉంది, ఎండకాసిన రాతి మీద ఒళ్లు 50 డిగ్రీలు దాటినా చావదు, కరువొస్తే పగలు నోరు, అంటే ఆకు మీది సన్న రంధ్రాలు, మూసుకొని రాత్రి చల్లబడ్డాక ఊపిరి తీసుకుంటుంది. కుందేటి కొమ్ములు చేసేదీ అదే, మా మిద్దె మీది మెక్సికో అతిథి చేసేదీ అదే. అంటే మీ ఫొటోలోని మొక్కకు కొండ మొక్కలతో చుట్టరికం లేకపోయినా పోలిక ఉంది, మీ విలేకరికి ఆ మాత్రం మార్కులు వేస్తాను.

ఇంకొక్క విషయం రాసి ఆపేస్తాను. చలికాలంలో వీటికి దుప్పటి మంచే. బయట మైనస్ 20 ఉన్నా బారెడు మంచు కింద సున్నాకు అటూ ఇటుగా ఉంటుంది. వేడి పెరిగి మంచు తక్కువ పడితే, లేక తొందరగా కరిగితే, విచిత్రంగా ఆ మొక్కలు ఎక్కువ చలికి దొరికిపోతాయి. ఇంకోవైపు కిందివి పైకి ఎక్కుతున్నాయి. ఐరోపాలో 302 శిఖరాల పాత, కొత్త లెక్కలను పోల్చి 2018లో ఒక పరిశోధన వచ్చింది, శిఖరాల మీద మొక్కల రకాలు పెరుగుతున్నాయి, ఆ పెరుగుదల వేగం కూడా ఎక్కువవుతోంది. వినడానికి బాగుంది గానీ కింది నుంచి బలమైనవి ఎక్కొస్తే శిఖరం మీదున్నవి ఎక్కడికి పోవాలి? హిమాలయాల్లో దీనికి తోడు మనం. గుడిలో పెట్టడానికని బ్రహ్మకమలాలను కోస్తారు, విత్తనం పడకముందే. నాకూ ఒకటి కోసివ్వబోయాడు ఆ అబ్బాయి, వద్దన్నాను. నిజం చెప్పాలంటే, మొదట చెయ్యి చాచి తర్వాతే వద్దన్నాను.

కాబట్టి మీకు నా విన్నపం చిన్నదే. ఫొటో వేయడం మానొద్దు, ఆ పువ్వు చూడటానికి జనం వీధిలోకి రావడం మంచిదే, ఈ రోజుల్లో దేనికి వస్తున్నారు కనుక. కింద లైను మాత్రం మార్చండి. మా మిద్దె మీద ఇప్పుడు మూడు మొగ్గలున్నాయి, రెండు తల ఎత్తాయి, శనివారం రాత్రికి విచ్చుకుంటాయనుకుంటున్నాను. మీ విలేకరిని పంపించండి, టీ నేను ఇస్తాను, 'మెక్సికో కాక్టస్ పూసింది' అని రాస్తేనే ఫొటో తీయనిస్తాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ టీచరు,
అనంతపురం