బెంగళూరులో మా వాడికి తోడున్న ఎల్డర్ గారికి, సిస్టర్ గారికి

అందరికీ నమస్కారం. మా పెద్దాడు బెంగళూరు మిషన్‌లో (మా సంఘం తరఫున ఇల్లు వదిలి వెళ్ళి బోధించే సేవ) ఉన్నాడని మీలో చాలామందికి తెలుసు, మొన్న వాడికి డెంగ్యూ వచ్చి హాస్పిటల్లో చేర్చాల్సి వచ్చింది, ఇప్పుడు బానే ఉన్నాడు, మళ్ళీ పనిలో పడ్డాడు. ఫోన్ చేసి అడిగినవాళ్ళకి, ఉపవాసం ఉండి ప్రార్థన చేసిన మా వార్డు (మా ఏరియా చర్చి) వాళ్ళకి చాలా థ్యాంక్స్. కానీ ఈ పోస్టు ముఖ్యంగా ఇద్దరి కోసం రాస్తున్నా. పేర్లు రాయొద్దన్నారు కాబట్టి ఎల్డర్ గారు, సిస్టర్ గారు అనే అంటాను, మిషన్‌లో ఉన్నవాళ్ళని అలాగే పిలుస్తాం.

వీళ్ళు అమెరికాలో ఐడాహో నుంచి వచ్చిన భార్యాభర్తలు, ఇద్దరూ డెబ్భైకి దగ్గర్లో ఉన్నారు. మా సంఘం (యేసు క్రీస్తు యొక్క కడవరి-దిన పరిశుద్ధుల సంఘము, బయట మార్మన్లు అంటే తెలుస్తుంది) గురించి తెలియని ఫ్రెండ్స్ కోసం చెప్తున్నా, మిషన్ అంటే కుర్రాళ్ళే కాదు, రిటైరైన దంపతులు కూడా వెళ్తారు, 6 నెలల నుంచి 23 నెలల దాకా, అదీ సొంత ఖర్చుతో. మనవలు, మనవరాళ్ళని వదిలేసి వచ్చి ఇంకెవరి పిల్లల కోసమో పని చేస్తారు.

వాళ్ళ పనేంటో మా వాడు ప్రతి సోమవారం కాల్‌లో చెప్తుంటాడు. (2019 ఫిబ్రవరి నుంచి వారం వారం ఇంటికి ఫోన్ చేసుకోనిస్తున్నారు, అంతకు ముందు పిల్లల్ని పంపిన తల్లులు ఏడాదికి రెండుసార్లే గొంతు విని ఎలా ఉన్నారో నాకు ఊహకందదు.) ఈ పెద్దవాళ్ళు కుర్రాళ్ళలాగా రోజంతా తిరిగి బోధించరు. పొద్దున్న ఇద్దరూ కూర్చుని లేఖనాలు చదువుకుని మిషన్ ఆఫీసుకి వెళ్తారు, అద్దె అగ్రిమెంట్లు, కరెంటు బిల్లులు, ఎవరింట్లో గ్యాస్ అయిపోయింది, ఎవరి వాటర్ ఫిల్టర్ పాడైంది, ఇవన్నీ చూస్తారు. మధ్యాహ్నం నుంచి కుర్రాళ్ళు ఉండే ఇళ్ళకి వెళ్ళి దోమతెరలు ఉన్నాయా, బక్కెట్లలో నీళ్ళు నిలవుంచారా, ఫ్రిజ్‌లో తిండి ఉందా అని చూసొస్తారు. సాయంత్రం ఎవరో ఒక సభ్యుల ఇంటికి వెళ్తారు, ఆదివారం చర్చి, రాత్రి మనవలతో వీడియో కాల్, అక్కడ అప్పటికి పొద్దున అవుతుంది కదా. ఇవన్నీ ఎవరి కంటా పడే పనులు కాదు, కానీ ఇవి జరక్కపోతే మన పిల్లలు అక్కడ ఒక నెల కూడా ఉండలేరు.

మా వాడికి జ్వరం అని తెలియగానే వచ్చింది వీళ్ళే. సిస్టర్ గారు రిటైర్డ్ నర్స్, వాణ్ణి చూడగానే బ్రూఫెన్ లాంటివి ముట్టుకోవద్దు, పారాసెటమాల్ తప్ప ఏదీ వద్దు అని చెప్పి టెస్టుకి తీసుకెళ్ళారు. తర్వాత జ్వరం తగ్గింది, వాడు తగ్గిపోయిందిగా బయటికి వెళ్తానంటే ఆవిడ ఒప్పుకోలేదు. డెంగ్యూలో జ్వరం దిగాక వచ్చే ఒకటి రెండు రోజులే ఎక్కువ ప్రమాదమట, కడుపునొప్పి, వాంతులు, చిగుళ్ళ నుంచి రక్తం వస్తుందేమో కనిపెట్టుకుని ఉండాలట. ఆ రోజు రాత్రే కడుపునొప్పి మొదలైంది, వెంటనే అడ్మిట్ చేశారు. ఆవిడ ఆపకపోతే వాడు ఎండలో ఎక్కడ తిరుగుతుండేవాడో తలుచుకుంటే ఇప్పటికీ నాకు కాళ్ళు వణుకుతాయి.

మా అత్తగారు మంచంలో ఉన్నారు, మా వారికి నైట్ షిఫ్టులు, నేను వెంటనే బయల్దేరలేకపోయాను. నా బదులు రాత్రుళ్ళు ఎల్డర్ గారు కుర్చీలో కూర్చున్నారు, పగలు సిస్టర్ గారు. వాడితో ఉండే కుర్రాడిని కూడా పడుకోమని పంపించేవారట. ప్లేట్‌లెట్స్ రిపోర్ట్ వచ్చిన ప్రతిసారీ నాకు ఫోటో పెట్టి, ఫోన్ చేసి, నా ఇంగ్లీషు అంతంతమాత్రమే కాబట్టి నిదానంగా ఒకటికి రెండుసార్లు చెప్పారు. వాడికి నోరు చేదుగా ఉంటే అక్కడి సభ్యురాలిని అడిగి రాగి జావ కాయడం నేర్చుకుని ఫ్లాస్కులో తెచ్చారు. నేను వెళ్ళేసరికి వాడు అది తాగుతూ కనిపించాడు, నేను ఆవిడ చేతులు పట్టుకుని ఏడ్చేశాను, ఏం చెప్పాలో తోచలేదు. అందుకే ఇప్పుడు రాస్తున్నా.

మన హైదరాబాద్‌లో ఈ సంఘం మొదలైందే ఒక జంట వల్ల. సమోవాలో సభ్యులైన ధర్మరాజు దంపతులు 1978 డిసెంబర్‌లో మిషన్ మీద సొంతూరికి వచ్చి బంధువులకి చెప్పారు, 2012లో మన దేశంలో మొదటి స్టేక్ (కొన్ని వార్డులు కలిసిన విభాగం) కూడా ఇక్కడే ఏర్పడింది. అప్పుడు వాళ్ళు, ఇప్పుడు వీళ్ళు.

ఎల్డర్ గారూ, సిస్టర్ గారూ, మా వాడు దీన్ని మీకు చదివి అర్థం చెప్తాడు. మీ ఇద్దరికీ మా ఇంటిల్లిపాదీ రుణపడి ఉంటాం. మీ మనవలకి కూడా థ్యాంక్స్, వాళ్ళ తాతని, అమ్మమ్మని కొన్నాళ్ళు మాకిచ్చారు.

మన వార్డు వాళ్ళకి, వీళ్ళు వచ్చే నెల ఇంటికి వెళ్తూ హైదరాబాద్‌లో ఒక ఆదివారం ఆగుతున్నారు. సాక్రమెంట్ మీటింగ్ అయ్యాక భోజనాలు మా ఇంట్లోనే, అందరూ రండి. కూరల్లో కారం నేను తగ్గిస్తాను, మీరు తెచ్చేవాటిలో కూడా తగ్గించండి.