నవంబర్ 30 నుంచి వెనక్కి లెక్కపెట్టండి: పూర్తి బడ్జెట్ కోసం బహిరంగ లేఖ

అక్టోబర్ 2024

ఆర్థిక మంత్రి శ్రీ పయ్యావుల కేశవ్ గారికి, ఆంధ్రప్రదేశ్ శాసనసభ, శాసనమండలి సభ్యులందరికీ నమస్కారం.

2024-25 ఆర్థిక సంవత్సరంలో సగం గడిచిపోయింది. రాష్ట్రానికి ఇంకా పూర్తి బడ్జెట్ లేదు. ఫిబ్రవరిలో అప్పటి ప్రభుత్వం ఏప్రిల్ నుంచి జూలై దాకా ఓటాన్ అకౌంట్ (పూర్తి బడ్జెట్ వచ్చేదాకా కొన్ని నెలల ఖర్చుకు సభ ఇచ్చే అనుమతి) తీసుకుంది. ఎన్నికల ఏడాది కాబట్టి అది మామూలే. ఆ గడువు తీరగానే నవంబర్ 30 వరకు ఖర్చులకు మీరు ఆర్డినెన్స్ తెచ్చారు. అప్పుల లెక్క, బకాయిల లెక్క తేలాలన్న మీ ఇబ్బంది అర్థం చేసుకోగలం. మరోసారి మాత్రం పొడిగించవద్దు. పొడిగించకుండా ఉండాలంటే ఎన్ని రోజులు చేతిలో ఉండాలో చూడండి.

నవంబర్ 30 నుంచి వెనక్కి రండి. బడ్జెట్ ఖర్చుకు చట్టబద్ధ అనుమతి ఇచ్చే ద్రవ్య వినిమయ బిల్లుకు గవర్నర్ ఆమోదం, గెజిట్ ప్రచురణ కలిపి రెండు రోజులు వేసుకుందాం. అది ద్రవ్య బిల్లు కనుక రాజ్యాంగం 198వ అధికరణ ప్రకారం మండలి దాన్ని 14 రోజుల వరకు తన దగ్గర పెట్టుకోవచ్చు. ఒక్క రోజులోనే తిప్పి పంపనూ వచ్చు, కానీ తేదీలు వేసేవాళ్లు 14 రోజులూ పోయినట్టే అనుకోవాలి. అంటే సభ నవంబర్ 14కల్లా బిల్లు ఆమోదించాలి. శాఖలవారీ ఖర్చుల పద్దుల మీద చర్చకు పది రోజులైనా కావాలి. దానికి ముందు సాధారణ చర్చ ఉంటుంది. ఈ లెక్కన అక్టోబర్ ఆఖరి వారం దాటకుండా బడ్జెట్ సభ ముందుకు రావాలి. ఆలస్యమైతే కోతపడేది చర్చకే. చివరి రోజున మిగిలిన పద్దులన్నిటినీ గంపగుత్తగా ఓటుకు పెట్టేస్తారు.

ఓటాన్ అకౌంట్‌తో జీతాలు, వడ్డీలు, నడుస్తున్న పథకాలు నెట్టుకురావచ్చు. కొత్త పనులకు అది చాలదు. పైగా దాని వెనకున్న అంచనాలు ఫిబ్రవరి నాటివి. అప్పటికి సామాజిక పింఛను నెలకు 3,000 రూపాయలు. జూలై 1 నుంచి అది 4,000, దివ్యాంగులకు 6,000 అయింది. పెంచడం మంచిదే. ఏడాదికి ఆ పెంపు ఎంతవుతుందో, దేన్ని తగ్గించి సర్దుతున్నారో పద్దులవారీగా సభ ఇంతవరకు చూడలేదు.

కింది స్థాయిలో ఇది ఎలా ఉంటుందో ఒక బిల్లు వెంట వెళ్లి చూడండి. ప్రభుత్వ హాస్టల్ డైట్ చార్జీల (భోజన ఖర్చుల) బిల్లును డీడీవో, అంటే బిల్లులు పెట్టి సొమ్ము తీసే అధికారి, సీఎఫ్ఎంఎస్ అనే ప్రభుత్వ చెల్లింపుల ఆన్‌లైన్ వ్యవస్థలో ఎక్కించాలి. ఆ హెడ్ (ఖర్చు ఖాతా) కింద బడ్జెట్ విడుదల ఉత్తర్వు లేక నిల్వ సున్నా చూపిస్తే బిల్లు అక్కడే ఆగిపోతుంది. ట్రెజరీ అధికారి తలచుకున్నా కదలదు, ఎందుకంటే 266వ అధికరణ ప్రకారం చట్టం అనుమతి లేకుండా సంచిత నిధి (రాష్ట్ర ప్రధాన ఖజానా) నుంచి రూపాయి తీయకూడదు. అంతవరకు వార్డెన్ కిరాణా కొట్టులో అరువు పెట్టాలి. ఒకటి రెండు నెలలు ఇచ్చిన కొట్టువాడు మూడో నెల ధర పెంచుతాడు, లేదంటే నాసిరకం పప్పు ఇస్తాడు. ఆ తేడా పడేది పిల్లల కంచంలో.

ఇక విజయవాడను ముంచిన బుడమేరు వాగు. సెప్టెంబర్‌లో డైవర్షన్ కాలువకు పడిన మూడు గండ్లను రాత్రింబవళ్లు శ్రమించి పూడ్చారు. అది తాత్కాలిక పని. విపత్తు సహాయ నిధి నిబంధనలు తక్షణ మరమ్మతుల వరకే. గట్టు బలోపేతం, కాలువ వెడల్పు, పూడికతీత లాంటి శాశ్వత పనులకు రాష్ట్ర మూలధన పద్దులో (శాశ్వత నిర్మాణాల ఖర్చు పద్దులో) సొమ్ము ఉండాలి. అది చూపించగలిగేది పూర్తి బడ్జెట్టే.

డెల్టా కాలువలకూ ఇదే చిక్కు. కాలువలు కట్టేసేది వేసవిలో. జూన్‌లో నీళ్లు వదిలేలోపు గుర్రపుడెక్క తీయాలి, షట్టర్లు మార్చాలి, లాకులు బాగుచేయాలి. అంచనా, సాంకేతిక మంజూరు, టెండరు, ఒప్పందం, ఇవన్నీ ముగిసేసరికి రెండు మూడు నెలలు సులువుగా పోతాయి. జనవరిలో మొదలుపెట్టకపోతే కాలువ ఎండి ఉన్న ఆ కొద్ది వారాలూ కాగితాలకే సరిపోతాయి. నీళ్లొచ్చాక చేసే పూడికతీత ఎలాంటిదో డెల్టా రైతులకు మీరు చెప్పక్కర్లేదు. ఆలస్యానికి తోడు మార్చి 31 ఉండనే ఉంది. ఆ రోజుకి ఖర్చుకాని కేటాయింపు మురిగిపోతుంది. అందుకే మార్చి ఆఖరి పది రోజుల్లో బిల్లులన్నీ ఒకేసారి వచ్చి పడతాయి, కొలతలు చూసే తీరిక ఎవరికీ ఉండదు.

మంత్రిగారూ, బడ్జెట్ తేదీని ఈ వారంలోనే ప్రకటించండి. మండలి సభ్యులారా, మీ అభ్యంతరాలను సిఫారసులుగా రాసి గడువుకు ముందే బిల్లు పంపండి. ప్రతిపక్ష సభ్యులారా, పద్దుల చర్చకు సభలోనే ఉండండి. బిల్లు ఆమోదం పొందిన వారంలో హాస్టళ్లు, బుడమేరు, డెల్టా కాలువల హెడ్‌లకు విడుదల ఉత్తర్వులు మొదట ఇవ్వండి, డిసెంబర్‌లో టెండర్లు పిలవడానికి ఇంజనీర్లకు వీలుంటుంది.

ఇట్లు,
ప్రభుత్వ పద్దులు, ట్రెజరీ పని తెలిసిన పౌరులు