మన కంప్యూటర్ గేమింగ్ సంఘం వార్షిక నివేదిక – విజయనగరం

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది సంఘం గర్వంగా చెప్పుకోదగ్గ పని ఒకటుంది: సిరిమానోత్సవం అయ్యాక వచ్చిన ఆదివారం పెట్టిన ఉచిత పరీక్షా శిబిరం. ఆటలో బొమ్మ ఆగి ఆగి వస్తోంది, గ్రాఫిక్స్ కార్డు పోయినట్టే అనుకుని వచ్చినవారే ఎక్కువ. చాలామందికి కొత్త కార్డు ఖర్చు తప్పించి పంపాం.

ప్రతి సిస్టమ్‌లోనూ ముందు ఆఫ్టర్‌బర్నర్ (కార్డు పనితీరు చూపే సాఫ్ట్‌వేర్) వేసి ఫ్రేమ్‌టైమ్ గీత, అంటే తెరపై ఒక్కో ఫ్రేము (బొమ్మ) రావడానికి పట్టే సమయం చూశాం. సగటు ఎఫ్‌పీఎస్ (సెకనుకు వచ్చే ఫ్రేములు) నమ్మవద్దని మళ్లీ మనవి. సెకనుకు 60 ఫ్రేములంటే ఒక్కోటి 16.7 మిల్లీసెకన్లలో రావాలి. మధ్యలో ఒకటి 50 తీసుకున్నా సగటు కదలదు, కంటికి మాత్రం తెలిసిపోతుంది.

కంటోన్మెంట్ వైపు నుంచి వచ్చిన ఒక సిస్టమ్‌లో ఆ గీత తుమ్మముళ్లలా లేచింది. కార్డేమో సగం ఖాళీగానే ఉంది. విప్పి చూస్తే 8 జీబీ ర్యామ్ కడ్డీ ఒక్కటే! రెండూ జంటగా పనిచేసేలా అలాంటిదే ఇంకోటి తెచ్చి, ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి 2, 4 స్లాట్లలో వేసి, బయాస్‌లో (బోర్డు సెట్టింగులలో) ఎక్స్‌ఎంపీ, అంటే ర్యామ్‌ని దాని పూర్తి వేగంతో నడిపే సెట్టింగు ఆన్ చేస్తే గీత సాపైంది.

4 జీబీ కార్డులవాళ్లు టెక్స్‌చర్లు (ఆటలో వస్తువుల మీద పరిచే బొమ్మలు) అల్ట్రాలో పెట్టుకుని వచ్చారు. కార్డు మెమరీ నిండితే మిగిలినది మదర్‌బోర్డు ర్యామ్‌లోకి పోతుంది, తడబాటు అక్కడే. ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీ కార్డుకి బోర్డుతో కలిపే దారులు (లేన్లు) నాలుగే కాబట్టి పాత పీసీఐ ఎక్స్‌ప్రెస్ 3.0 బోర్డు మీద ఇంకా కష్టం. టెక్స్‌చర్లు మీడియంకి దించడమే మందు.

వేడి 83 డిగ్రీలు దాటగానే క్లాక్ (చిప్పు వేగం) పడిపోతున్న కార్డులు విప్పితే చిప్పు వేడిని హీట్‌సింకుకి (వేడి వదిలే లోహపు దిమ్మకి) అందించే పేస్టు ఎండి పెచ్చులుగా ఊడింది. కార్డు చిప్పుకి పేస్టు అంచులదాకా పల్చగా పరచాలి. వేడి లాగే మెత్తటి ప్యాడ్లు పాత మందంవే వెయ్యాలి, మందం ఎక్కువైతే హీట్‌సింకు చిప్పుకి ఆనదు. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాను రెక్క వేలితో పట్టుకోండి, లేదంటే బేరింగు పోతుంది.

డ్రైవర్ మార్చేవారు కొత్తది ముందే దించుకుని, నెట్ తీసేసి, సేఫ్ మోడ్‌లో డీడీయూతో (డ్రైవర్ తుడిచే సాఫ్ట్‌వేర్‌తో) పాతది తుడవాలి. నెట్ ఉంటే విండోస్ తన డ్రైవర్ తెచ్చి ఎక్కించేస్తుంది. కొత్త డ్రైవర్ తరవాత మొదటిసారి ఆడేటప్పుడు కాస్త ఆగడం షేడర్లు (వెలుగునీడలు, రంగులు గీసే చిన్న ప్రోగ్రాములు) మళ్లీ తయారవడం వల్ల, దానికి కంగారు పడొద్దు.

తమ దుకాణం నుంచి ర్యామ్, ఎస్‌ఎంపీఎస్‌లు (కంప్యూటర్‌కి కరెంటిచ్చే డబ్బాలు) పరీక్షకి అరువిచ్చిన గంటస్తంభం దగ్గరి సభ్యునికి, టీ, ఉప్మా చూసుకున్న సభ్యుల ఇంటివారికి, ఎక్స్‌టెన్షన్ బాక్సులు మోసిన డిగ్రీ విద్యార్థులకు పేరుపేరునా కృతజ్ఞతలు.

జమాఖర్చులు కోశాధికారి గారు చదువుతారు. పేస్టు, ప్యాడ్లు, ఐసోప్రొపైల్ ఆల్కహాల్, టీలకే చందా అంతా సరిపోయింది.

ఒక మాట బాధతోనే రాస్తున్నాను. పేర్లిచ్చిన కార్యకర్తల్లో సగంమంది ఆ రోజు ఫోన్ కూడా ఎత్తలేదు. హాలు కోసం పెట్టిన అర్జీకి ఇప్పటికీ జవాబు లేదు, చివరికి ఒక సభ్యుని మేడ మీద షామియానా వేసుకున్నాం. పైనుంచి ఎండ కొడుతుంటే వేడి పరీక్షలు సరిగ్గా తేలక కొన్ని రెండుసార్లు చెయ్యాల్సి వచ్చింది.

సంఘం బ్లోయర్ ఎవరి దగ్గరుందో వారు ఈ సమావేశంలోనే తెచ్చి ఇవ్వగలరు. వచ్చే శిబిరానికి సిస్టమ్‌తోపాటు ఇంట్లో వాడే మానిటర్ కేబుల్ కూడా తప్పక తేవాలి. దాన్ని కార్డుకి కాక మదర్‌బోర్డుకి గుచ్చుకున్నవారు ఈసారి ఇద్దరు తేలారు.

– కార్యదర్శి