జామీను దొరకని కుర్రాడు

పర్లాకిమిడి,
ఆదివారం రాత్రి

ఒరే సూరీ,

జవాబు ఆలస్యమైందని కోపం తెచ్చుకోకు. మా వీధి తాపీమేస్త్రి కుర్రాడి కోసం కోర్టు చుట్టూ తిరుగుతున్నాను. పనిచేసిన చోట ఇనుప చువ్వలు పోయాయని వాడి మీద కేసు పెట్టారు. ఖరీదు 12,000 అని రాయించారు. బెయిలొచ్చి 26 రోజులైంది, వాడు మాత్రం ఇంకా లోపలే ఉన్నాడు. జామీను, అంటే పూచీ పడే మనిషి, దొరకాలి కదా!

వాళ్ల బావది సరిహద్దుకి అవతల, ఆంధ్రాలోని పాతపట్నం, మా ఊరికి సైకిల్ మీద వెళ్లొచ్చే దూరం. పట్టాదారు పాస్ పుస్తకాన్ని పాలిథిన్ కవర్లో చుట్టి తెచ్చాడు. గుమస్తా రెండు పేజీలు తిప్పి, "ఇది తెలుగు, ఆంధ్రా భూమి. ఒడిశా మనిషిని తీసుకురండి" అని చేతిలో పెట్టేశాడు. పాపం, మళ్లీ అదే కవర్లో చుట్టుకున్నాడు. నాకు కడుపు రగిలిపోయింది.

1978లోనే సుప్రీంకోర్టు దీని మీద తీర్పిచ్చిందిరా. ఆ కేసులో నిందితుడు మోతీరామ్ కూడా మేస్త్రే, మధ్యప్రదేశ్‌వాడు. మేజిస్ట్రేటు 10,000కి జామీను అడిగి, సోదరుడి ఆస్తి వేరే జిల్లాలో ఉందని కాదన్నాడు. బస్తర్‌లో పట్టుబడ్డ ఆంధ్రుడు అక్కడ ఆస్తున్నవాణ్ణి ఎక్కణ్ణుంచి తెస్తాడని జస్టిస్ కృష్ణయ్యర్ అడిగారు. 1,000 రూపాయల సొంత పూచీ మీద వదిలెయ్యమన్నారు. స్థానిక జామీను కోసం పట్టుబట్టొద్దని 2023లో సుప్రీంకోర్టు మళ్లీ చెప్పింది. అయినా మా దగ్గర ఇదీ పరిస్థితి. 2022 చివరికి దేశంలో ఖైదీల్లో నూటికి 75 మందికి పైగా విచారణ ఖైదీలే. అందులో ఇలాంటివాళ్లు ఎందరో!

కొత్త నేర చట్టం భారతీయ న్యాయ సంహితలో, 2024 జులై నుంచి, 5,000 లోపు మొదటి దొంగతనానికి సొత్తు తిరిగిచ్చేస్తే సమాజ సేవే శిక్ష. మనవాడి మీద 12,000 రాశారు కాబట్టి వర్తించదు. ఆ హద్దు పెంచాలిరా. తప్పు చేశాడనే అనుకో, బడి ప్రహరీ కట్టించొచ్చు కదా, పని వచ్చినవాడు. రాజస్థాన్ సంగానేర్ ఓపెన్ జైల్‌లో శిక్షపడ్డవాళ్లు కూడా పెళ్లాం బిడ్డలతో ఉంటూ, బయటికెళ్లి పనిచేసుకుంటున్నారు.

మొన్న ములాఖత్‌కి వెళ్లాను. వాడి చేతుల మీద సిమెంటు పగుళ్లన్నీ మానిపోయాయి. అరచేతులు నాకు చూపించి, "తాపీ పట్టి ఎన్నాళ్లయిందో మావయ్యా" అన్నాడు.

గురువారం వాయిదా. మీ వకీలు బాబాయిని అడిగి మోతీరామ్ తీర్పు ప్రతి ఒకటి బుధవారం బస్సు డ్రైవర్ చేతికిచ్చి పంపు. పేజీ తప్పకుండా మొత్తం కావాలి. అమ్మకి నా నమస్కారాలు చెప్పు.

నీ
గోపి