అప్పీలు తేలేదాకా ఆ ఫైలు ఎక్కడుండాలి? ప్రధాన కార్యదర్శి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ ప్రభుత్వ ప్రధాన కార్యదర్శి గారికి,

నమస్కారం.

సమాచార హక్కు చట్టం కింద అడిగిన కాగితాన్ని ఒక కార్యాలయం ‘ఇది రహస్యం, ఇవ్వలేం’ అని నిరాకరించిందనుకోండి. దరఖాస్తుదారు మొదటి అప్పీలు వేస్తారు. అక్కడా కాదంటే రెండో అప్పీలు మొజంజాహీ మార్కెట్ దగ్గరి సమాచార హక్కు భవన్‌కు, అంటే రాష్ట్ర సమాచార కమిషన్‌కు చేరుతుంది. ఈలోపు ఆ కాగితం ఎక్కడుండాలి, ఎవరు తెరవాలి, తెరిచినట్టు ఎక్కడ రాయాలి? ఈ మూడింటికీ ఏ పౌర సమాచార అధికారి (పీఐఓ) బల్ల మీదైనా దొరికేలా అడుగడుగూ చెప్పే నియమావళి ఒకటి రావాలని కోరుతూ ఈ లేఖ రాస్తున్నాం. అప్పీళ్ల విచారణ ఎలా సాగాలో నియమాలు చేసే అధికారం చట్టంలోని 27(2)(ఇ) కింద రాష్ట్ర ప్రభుత్వానికే ఉంది. అందుకే ఈ లేఖ కమిషన్‌కు కాకుండా మీకు.

పద్ధతి లేకపోతే నష్టం రెండు వైపులా జరుగుతుంది. ఒకటి, తీర్పు చెప్పాల్సినవారు ఫైలు చూడకుండానే తీర్పు చెబుతారు. మొదటి అప్పీలు అధికారి అదే కార్యాలయంలో పైస్థాయి అధికారి. ఫైలు నాలుగు గదుల అవతలే ఉంటుంది. అయినా కిందివారు పెట్టిన నోటు చదివి ‘పీఐఓ ఇచ్చిన జవాబు సరైనదే’ అని ఒక వాక్యంతో ముగించే ఉత్తర్వులు వస్తూనే ఉన్నాయి. రెండోది దీనికి తలకిందులు. విచారణ రోజున ఫైలు జిరాక్సులు విడివిడిగా తెచ్చి అప్పీలు కట్టలో పెట్టేస్తారు. కమిషన్ కూడా ఈ చట్టం కిందికి వచ్చే కార్యాలయమే. రేపు ఇంకెవరైనా ఆ అప్పీలు కట్ట చూస్తామని దరఖాస్తు పెడితే, వివాదంలో ఉన్న కాగితమే అందులో కనిపిస్తుంది. అప్పుడు ఏ ఉత్తర్వూ లేకుండానే రహస్యం బయటికి పోతుంది.

చట్టంలో ఉన్న ఒక సందును ముందు మీ దృష్టికి తేవాలి. ఫిర్యాదు విచారించేటప్పుడు కమిషన్ ఏ రికార్డునైనా పరిశీలించవచ్చు, ఏ కారణం చెప్పీ దాన్ని కమిషన్‌కు ఇవ్వకుండా ఆపకూడదు అని సెక్షన్ 18(4) గట్టిగా చెబుతుంది. కానీ అది ఫిర్యాదుల సెక్షన్. మణిపూర్ కేసులో 2011లో సుప్రీంకోర్టు 18, 19 సెక్షన్లు వేర్వేరు దారులని తేల్చింది. సమాచారం ఇప్పించమని అడగాలంటే 19 కింద అప్పీలే దిక్కు. అంటే కాగితం ఇప్పించే అధికారం ఒక సెక్షన్లో, తెరిచి చూసే అధికారం అంత విస్పష్టంగా ఇంకో సెక్షన్లో ఉన్నాయి. కేంద్రం 2012లో చేసిన నియమాల్లో అప్పీలు విచారణలో పత్రాలు, రికార్డులు పరిశీలించవచ్చన్న మాట ఉంది. ఎలా తెప్పించాలి, ఎలా దాచాలి అన్నది అందులో లేదు. మన నియమాలు ఆ మాటతో ఆగకూడదు. ‘అప్పీలులోనూ రికార్డు కమిషన్‌కు చూపాల్సిందే’ అని తేటగా రాయాలి. నిరాకరణ సరైనదని రుజువు చేసే భారం పీఐఓదేనని 19(5) చెప్పనే చెప్పింది. కాగితం చూపకుండా ఆ భారం తీరే దారి లేదు.

సీల్డ్ కవరు అనగానే న్యాయవాదులకు ఒక అనుమానం వస్తుంది, అది న్యాయమైనదే. ఒక టీవీ ఛానల్ లైసెన్సు విషయమై మాధ్యమం బ్రాడ్‌కాస్టింగ్ కేసులో 2023 ఏప్రిల్ 5న సుప్రీంకోర్టు, అవతలి పక్షానికి చూపని కవరు మీద ఆధారపడి నిర్ణయం చేయడం సహజ న్యాయానికి విరుద్ధమంది. అక్కడ కవరులో ఉన్నది ఒక పక్షానికి వ్యతిరేకంగా వాడిన సమాచారం. సమాచార హక్కు అప్పీలులో కవరులో ఉన్నదే వివాదం. దాన్ని అప్పీలుదారుకు చూపిస్తే అప్పీలు అక్కడే ముగిసిపోతుంది. కాబట్టి ఇక్కడ కాగితం మూసి ఉంచడం తప్పదు. అయితే ఎందుకు మూశారో చెప్పే కారణం మాత్రం అప్పీలుదారు చేతికి అందాలి, దాని మీద వాదించే అవకాశం ఉండాలి.

ఆ పని చేసేది పేజీల పట్టిక. అమెరికాలో వాన్ వర్సెస్ రోజన్ కేసులో 1973లో అక్కడి అప్పీళ్ల కోర్టు ఇలాంటి పట్టికనే అడిగింది. మన చట్టంలో సెక్షన్ 10 కూడా ఇవ్వదగ్గ భాగాన్ని విడదీసి ఇవ్వమని, మిగతాది ఎందుకు ఇవ్వడం లేదో కారణం, నిర్ణయం చేసిన అధికారి పేరు, హోదా రాతపూర్వకంగా చెప్పమని అంటుంది. పట్టికలో పేజీ నంబరు, తేదీ, ఏ హోదా నుంచి ఏ హోదాకు, కాగితం రకం, వర్తించే ఉపసెక్షన్, బయటపడితే కలిగే నష్టం, ఆ నష్టం ఎప్పటిదాకా ఉంటుంది అనే ఏడు గడులు చాలు. ఉదాహరణకు నగరంలో ఒక రోడ్డు పని ఫైలు 64 పేజీలనుకుందాం. అంచనాలు, ఎం-బుక్ (పని కొలతల పుస్తకం), బిల్లులు, నాణ్యత పరీక్ష నివేదికలు కలిపి 41 పేజీలు పూర్తిగా ఇవ్వవచ్చు. కాంట్రాక్టరు బ్యాంకు ఖాతా నంబరు, కూలీల ఆధార్ ఉన్న 9 పేజీల్లో ఆ గడులు చెరిపి ఇవ్వవచ్చు. విజిలెన్స్ విచారణ సాగుతుంటే దానికి సంబంధించిన 14 పేజీలు మాత్రమే, దర్యాప్తుకు అడ్డు తగిలే సమాచారాన్ని ఆపనిచ్చే 8(1)(హెచ్) కింద ఆపుతారు. పట్టిక వేస్తే వివాదం 64 పేజీల నుంచి ఆ 14 పేజీలకు, 9 పేజీల్లో చెరిపిన గడులకు తగ్గుతుంది. కవరులో పెట్టాల్సింది ఆ 14 పేజీలు, చెరపని రూపంలో ఆ 9 పేజీలు. విచారణ సాగుతోందన్న ఒక్క మాట చాలదని, కాగితం బయటికొస్తే దానికి ఎలా అడ్డు తగులుతుందో చూపాలని ఢిల్లీ హైకోర్టు 2007లోనే భగత్ సింగ్ కేసులో చెప్పింది. చివరి గడి అందుకే. విచారణ ముగిసిన రోజున ఆ అడ్డు తొలగిపోతుంది, నిరాకరణకు గడువు తీరుతుంది.

పేజీ నంబర్లు దరఖాస్తు అందిన వారంలోనే వేయాలి. అధికారులు అభిప్రాయాలు రాసే నోట్ ఫైలుకు ఒక వరస, వచ్చిన, పంపిన ఉత్తరాలుండే కరెంట్ ఫైలుకు ఒక వరస. విచారణ ముందు రోజు రాత్రి నంబర్లు వేసిన ఫైలులో ఏ కాగితం ఎప్పుడు మాయమైందో ఎవరూ రుజువు చేయలేరు.

కవరు సంగతి. అసలు ఫైలు కార్యాలయం దాటకూడదు. ధ్రువీకరించిన నకలు వెళ్లాలి. నకలు సరిగా ఉందా అన్న అనుమానం వస్తేనే అసలు. లోపలి కవరుకు లక్క సీలు వేసి, దాని మీద అప్పీలు నంబరు, పేజీల సంఖ్య, ‘కమిషనర్ మాత్రమే తెరవాలి’ అనే మాట రాయాలి. బయటి కవరు మీద రహస్యమన్న ముద్ర ఉండకూడదు. ఆ ముద్ర కనబడితే తపాల్ సెక్షన్ నుంచి పేషీ దాకా అందరి కళ్లూ దాని మీదే పడతాయి. కమిషన్‌లో ప్రతి అప్పీలు కట్టకూ తెరిచి ఉండే భాగం, మూసి ఉండే భాగం అని రెండు ఉండాలి. మూసిన భాగం ఒక బీరువాలో, ఒక అధికారి తాళం కింద ఉండాలి. కవరు తెరిచిన తేదీ, వేళ, లెక్కించిన పేజీలు, మళ్లీ సీలు వేసిన వేళ ఒక రిజిస్టరులో సంతకంతో ఎక్కాలి. కమిషనర్ సొంతంగా చదవాలి. చదివాక అప్పీలుదారును పిలిచి, పట్టిక ఆధారంగా వాదన వినాలి. ఆ తరువాత కవరును వెంటనే నాశనం చేయకూడదు. ఎవరైనా రిట్ వేస్తే, కమిషన్ చూసిన పేజీలే హైకోర్టు కూడా చూడాలి కదా. అందుకని ఉత్తర్వు తరువాత 90 రోజులు కమిషన్‌లోనే ఉంచి, ఆపై సీలు చెదరకుండా శాఖకు తిప్పి పంపాలని మా సూచన.

అప్పీలుకు జవాబుగా పీఐఓలు వేసే కౌంటర్లో ఇంకో పొరపాటు జరుగుతుంది. ఎందుకు రహస్యమో వివరించబోయి, రహస్యమనుకున్న వాక్యాన్నే కౌంటర్లో రాసేస్తారు. ఆ కౌంటర్ నకలు అప్పీలుదారుకు వెళ్తుంది. కాగితంలోని విషయం ఎత్తక తప్పని చోట దాన్ని వేరే అనుబంధంగా రాసి మూసిన భాగంలో పెట్టాలి. కమిషన్ ఉత్తర్వుకూ ఇదే పద్ధతి వర్తించాలి.

చెరపడం ఎలాగో నేర్పకపోవడం వల్ల జరిగే హాని చాలా ఎక్కువ. స్కెచ్ పెన్నుతో గీసిన గీత వెలుతురుకు ఎత్తిపట్టుకుంటే చదవగలం. వైట్‌నర్ గీకితే లేస్తుంది. కంప్యూటర్లో అక్షరాల మీద నల్ల పెట్టె గీసి పీడీఎఫ్ చేస్తే, ఆ అక్షరాలు కిందే ఉంటాయి, కాపీ చేసి ఇంకోచోట పేస్ట్ చేస్తే మొత్తం వచ్చేస్తుంది. ఎక్సెల్ షీటులో దాచిన వరసలు ఒక్క క్లిక్కుతో తెరుచుకుంటాయి. సరైన దారి కొంచెం మొరటుదే. నకలు తీసి, దాని మీద నల్లసిరాతో పూర్తిగా కప్పి, దాన్ని మళ్లీ జిరాక్సు తీసి, ఆ రెండో నకలునే స్కాన్ చేయాలి. చెరిపిన ప్రతి చోటా పక్కన ఉపసెక్షన్ నంబరు రాయాలి, లేకపోతే అప్పీలుదారుకు దేని మీద వాదించాలో తెలియదు. వీడియో విచారణల్లో వివాదంలో ఉన్న ఫైలును స్క్రీన్ మీద తెరవకూడదని కూడా నియమంలో ఉండాలి.

మూడో పక్షం, అంటే అడిగిన సమాచారం ఎవరికి సంబంధించినదో ఆ కాంట్రాక్టరులాంటి వారి విషయంలో చట్టం గడువులు స్పష్టంగా ఇచ్చింది: 5 రోజుల్లో నోటీసు, అందిన 10 రోజుల్లో వారి జవాబు, దరఖాస్తు నుంచి 40 రోజుల్లో నిర్ణయం. వాళ్లు ‘వద్దు’ అన్నంత మాత్రాన నిరాకరించాలని మాత్రం ఎక్కడా లేదు. అభ్యంతరాన్ని తూచి నిర్ణయించాల్సింది పీఐఓ. మరో వైపు, ఇవ్వాలని నిర్ణయించిన రోజే కాగితం చేతిలో పెట్టేస్తే మూడో పక్షానికి 19(2) ఇచ్చిన 30 రోజుల అప్పీలు హక్కుకు అర్థం ఉండదు. ఆ 30 రోజులు, అప్పీలు వేస్తే అది తేలేదాకా, ఆ భాగం మాత్రం ఆపాలని రాయండి. ఈ నోటీసుతో పాటు దరఖాస్తుదారు అర్జీ నకలును, ఫోన్ నంబరు, ఇంటి చిరునామాతో సహా కాంట్రాక్టరుకు పంపేయడం ప్రమాదకరం. నోటీసులో అడిగిన సమాచారం రాస్తే చాలు. దరఖాస్తుదారు పోస్టుబాక్సు నంబరు ఇచ్చినా సరిపోతుందని కలకత్తా హైకోర్టు 2013లో చెప్పింది, కేంద్రం ఆ ఉత్తర్వును శాఖలన్నిటికీ పంపింది కూడా.

ఈ పద్ధతి ఇప్పుడే ఎందుకంటే, వ్యక్తిగత సమాచారాన్ని ఇవ్వకుండా ఆపనిచ్చే 8(1)(జె) మారింది. డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం తెచ్చిన సవరణ 2025 నవంబరులో అమలులోకి వచ్చింది. ఆ క్లాజులోనే ఉన్న ప్రజాప్రయోజనం మాట పోయింది, శాసనసభకు నిరాకరించలేనిది పౌరుడికీ నిరాకరించకూడదన్న వాక్యమూ పోయింది. మిగిలింది 8(2). బయటపెట్టడంలో ప్రజలకు కలిగే మేలు, దాచడం వల్ల కాపాడే ప్రయోజనం కన్నా ఎక్కువైతే ఇవ్వవచ్చంటుంది అది. రెండింటినీ తూచాలంటే ఎవరో ఒకరు ఆ కాగితం తెరిచి చదవాలి. ఒక అధికారి పేరు కనిపించగానే వ్యక్తిగతమని ముద్ర వేసి పంపే జవాబులను ఆపగలిగేది ఈ పరిశీలన ఒక్కటే.

చివరగా రికార్డు గది. దరఖాస్తుకు 30 రోజులు, మొదటి అప్పీలు వేయడానికి 30, అది తేలడానికి 45 దాకా, రెండో అప్పీలుకు 90. కమిషన్ గడప తొక్కేలోపే 195 రోజులు గడవవచ్చు. ఎల్.డిస్. అనే తక్కువకాలపు వర్గం కింద మూసిన ఫైలు ఆయుష్షు ఒక్క ఏడాది. అప్పీలు వరసలో ఉండగానే ఆ ఫైలు ధ్వంసం జాబితాలోకి ఎక్కే అవకాశం ఉంది. అడిగిన సమాచారాన్ని నాశనం చేస్తే సెక్షన్ 20 కింద రోజుకు 250 చొప్పున 25,000 రూపాయల దాకా జరిమానా ఉన్నా, పోయిన కాగితం తిరిగి రాదు. దరఖాస్తు అందగానే ఫైలు అట్ట మీద, ధ్వంసం రిజిస్టరులో ‘స.హ. అప్పీలు – ధ్వంసం చేయరాదు’ అని ఎర్రసిరాతో రాయించాలి. ఈ-ఆఫీసు ఫైలుకూ అదే గుర్తు పెట్టించాలి.

నియమాలు తయారై శాసనసభ ముందుకు రావడానికి సమయం పడుతుందని మాకు తెలుసు. పేజీ నంబర్లు, పేజీల పట్టిక, ధ్వంసం నిలిపివేత – ఈ మూడింటినీ సాధారణ పరిపాలన శాఖ మెమోతో ఇప్పుడే అమలు చేయించవచ్చు. చెరిపే పద్ధతి మీద మర్రి చెన్నారెడ్డి మానవ వనరుల అభివృద్ధి సంస్థలో పీఐఓలకు, మొదటి అప్పీలు అధికారులకు ఒక పూట శిక్షణ పెట్టించండి. ముసాయిదా రాసేటప్పుడు పిలిస్తే నమూనా పట్టిక, రిజిస్టరు గడులు తెచ్చి మీ అధికారుల ముందు పెడతాం.

భవదీయులు,
సమాచార హక్కు అప్పీళ్ల పని చేసే న్యాయవాదులు, విశ్రాంత రికార్డు సిబ్బంది
హైదరాబాద్

ప్రతి: రాష్ట్ర ప్రధాన సమాచార కమిషనర్ గారికి