చెయ్యి కుదిరిన రోజు

ప్రియ నేస్తమా,

నీ ఉత్తరం వచ్చి ఇరవై రోజులైంది. కోపం తెచ్చుకోకే, చేతిలో బొమ్మ సగంలో ఉంటే ఇంకే పని మీదికీ మనసు పోదు. ఉద్యోగం వదిలేశాక ఈ గుడ్డబొమ్మలు కుట్టడం కాలక్షేపమా, నిజంగా పనేనా అని అడిగావు. పనే. పొద్దున తొమ్మిదింటికి కూర్చుంటే మధ్యాహ్నం దాకా లేవను. ఒక్కో బొమ్మకి నలభై గంటలు పడుతోంది.

అందరూ ముఖమే కష్టమనుకుంటారు. నన్నడిగితే చెయ్యి. ఐదు వేళ్లూ విడివిడిగా రావాలంటే ఒక్కో మిషన్ కుట్టు పొడుగు ఒకటిన్నర మిల్లీమీటరుకి మించకూడదు. తర్వాత వేలికీ వేలికీ మధ్య గుడ్డని సరిగ్గా కుట్టు దాకా కత్తిరించాలి. దారం తెగిందా, ఆ చెయ్యి పోయినట్టే. భయపడి ముందే ఆపానా, లోపలి వైపు బయటికి వచ్చేలా తిరగేశాక అక్కడ ముడత పడుతుంది. వేలిలోకి సన్నటి గొట్టం దూర్చి, బయటినుంచి పుల్లతో వేలి కొనను ఆ గొట్టంలోకి నెడుతూ తిరగేస్తాను. మొదట్లో పన్నెండు చేతులు పాడుచేశాను. రాత్రి పడుకున్నా అదే టెన్షన్.

గుడ్డ కూడా మాట వినాలి. పడుగు వైపు, అంటే నేతలో నిలువు దారాల వైపు, దాదాపు సాగదు; పేక వైపు, అంటే అడ్డదారాల వైపు, కొంచెం సాగుతుంది. సాగే వైపు అడ్డంగా వచ్చేలా కత్తిరిస్తే ఒళ్లు బొద్దుగా వస్తుంది. నిలువుగా పెడితే దూది కూరేకొద్దీ బొమ్మ పొడుగు పెరుగుతుంది. మెడలో చెక్కపుల్ల పెట్టకపోతే తల వాలిపోతుంది. ముక్కుకి మాత్రం పొడుగు సూది: ఈ పక్క గుచ్చి ఆ పక్క తీసి దారం లాగుతుంటే, చదునుగా ఉన్న గుడ్డలోంచి ముక్కు లేస్తుంది. అది ఎన్నిసార్లు చూసినా తనివి తీరదే!

ఈ వయసులో కొత్త పనేంటని దిగులు పడినప్పుడు కేటె క్రూజెని తలుచుకుంటాను. జర్మనీలో ఆవిడ ముందు నాటకాల్లో నటి. 1905లో కూతురి కోసం తువ్వాల్లో ఇసుక నింపి, తలకి బంగాళాదుంప పెట్టి బొమ్మ చేసింది. 1910లో బెర్లిన్‌లో ఆవిడ బొమ్మల్ని ప్రదర్శనకి పెడితే జనం ఎగబడ్డారట.

మొన్న ఒకామె రెండేళ్ల పాపకని నా బొమ్మ అడిగింది. ఇవ్వలేదు. కీళ్లకి బొత్తాలున్నాయి, వేళ్లలో తీగ ఉంది. పాప నోట్లో పెట్టుకుంటే? ఇవి అలమరలో పెట్టుకుని చూసుకునేవి. బేరం పోయిందని బాధ లేదు. "గుడ్డముక్కలేగా, అంత ధరా" అని ఆమె అన్న మాటే గుచ్చుకుంది. ఇప్పుడు ప్రతి బొమ్మకీ పట్టిన గంటలు నోటుబుక్కులో రాసి, ధర అడిగినవాళ్లకి ఆ పేజీ చూపిస్తున్నాను.

ఈ కవరులో ఒక చెయ్యి పెట్టాను. ఐదు వేళ్లూ ముడత లేకుండా వచ్చిన మొదటి చెయ్యి అదే. దాని జత చిటికెనవేలి దగ్గర చెడింది, అందుకే ఏ బొమ్మకీ కుట్టలేదు. బొటనవేలి మీద గోరు చూడు, ఒక్క దారప్పోగుతో కుట్టాను. నీ దగ్గరే ఉంచుకో.

నీ
నేస్తం